కొత్త టీవీ వచ్చేదాకా

"టీవీని బయటికి తీసుకురండి" అంది సుజన.

కేశవ రిమోట్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "బయటికంటే... యాడికి మేడమ్?"

"మెట్ల మీదికి. ఎండలోకి."

కర్నూలు రాజ్‌విహార్ దగ్గరున్న ఆ అంగడిలో గోడ నిండా టీవీలు. అన్నింటిలోనూ ఒకే చిలుక ఎగురుతోంది, ఒకే సముద్రం పొంగుతోంది. ఇంతవరకు టీవీ కొనడానికి వచ్చినవాళ్ళు ధర అడిగారు, సైజు అడిగారు, గోడకు మేకులు ఎవరు కొడతారని అడిగారు. ఎండ అడిగినవాళ్ళు లేరు.

"ఎండలో ఎందుకు మేడమ్?"

"మాది కోడుమూరు. చీరలు నేస్తాం. మా ఇంట్లో ఏ రంగైనా గడప దాటించి, పగటి వెలుతుర్లో చూసినాకనే సరే అంటాం. లైట్ల కింద చూసి ఒప్పుకుంటే మోసపోతాం. మీ అంగట్లో ఇన్ని లైట్లు ఎందుకు పెట్టినారో నాకు తెలీదనుకున్నారా?"

"అవి మా ఓనరు బామ్మర్ది పెట్టించినాడు. ఆయనది లైట్ల అంగడి" అన్నాడు కేశవ.

సుజన నవ్వలేదు. ఆమె పక్కన కుర్చీలో కూర్చున్న జేజి సుబ్బక్క కూడా నవ్వలేదు. తల్లి పోయినప్పటి నుంచి సుజనను పెంచింది ఆ నాయనమ్మే. అనుమానం కూడా ఆమె దగ్గరే నేర్చుకుంది.

చేసేది లేక కేశవ, అతనితో పనిచేసే వీరేంద్ర కలిసి ఆ పెద్ద టీవీని మోసుకొచ్చి మెట్ల మీద పెట్టారు. పొడుగు వైరు లాగి కరెంటు ఇచ్చారు. సుజన తన ఫోన్లోని చీర ఫొటోను తెర మీద వేయమంది. సంచిలోంచి అదే చీర కొంగు తీసి చేతిలో పట్టుకుంది.

శివరాత్రి పోయి వారం కూడా కాలేదు కానీ కర్నూలు ఎండ అప్పుడే పదును పెట్టుకుని కూర్చుంది. తెర మీద చీర లేదు. రంగు లేదు. నల్లటి గాజులో సుజన ముఖం, దాని వెనుక కేశవ ముఖం, ఆ వెనుక ఆటోలు కనిపించాయి.

ఒక ఆటో ఆయన బండి నెమ్మది చేసి, "ఏమప్పా, అద్దాలు కూడా అమ్ముతాండారా?" అని అడిగి పోయాడు.

సుజన ఆ నల్లటి గాజులోకే చూస్తోంది. కేశవ పెదవి కొరుక్కుంటున్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడని ఆమెకు తెలిసిపోయింది.

"నవ్వండన్నా, పర్వాలేదు."

"లేదు మేడమ్, ఎండ కదా..."

"ఎండకు పెదవి కొరుక్కుంటారా?"

టీవీ మళ్ళీ లోపలికి వెళ్ళింది. ఈసారి కేశవ ఆమె చెప్పకుండానే ఆ మూల లైట్లన్నీ ఆపేశాడు. తెర మీద చీర కనిపించింది. చేతిలోని కొంగు మామిడాకు పచ్చ. తెర మీదిది చిలుక పచ్చ.

"ఇది మా పచ్చ కాదు" అంది సుజన, ఎవరో తన వస్తువు ఎత్తుకుపోయినట్టు.

ఆమె బాధ ఆమెది. చీరలు ఇప్పుడు ఫోన్లో చూసి కొంటున్నారు. ఒక పెళ్ళివారు ఫోన్లో ఒక రంగు చూసి, చేతికి ఇంకో రంగు వచ్చిందని, సుజన నాయన కంబన్న నెలంతా కూర్చుని నేసిన చీరను పెళ్ళి వారంలో వెనక్కి పంపారు. ఆ చీర ఇంకా బీరువాలోనే ఉంది. దాన్ని చూసినప్పుడల్లా కంబన్న బీరువా తలుపు చప్పుడు కాకుండా మూసేవాడు. అందుకే ముందరి గదిలో పెద్ద టీవీ పెట్టి, ఇంటికి వచ్చినవాళ్ళకు ఇంకా నేయని చీరలను కూడా సరైన రంగులో చూపించాలని సుజన ఆలోచన. కంబన్న ఒప్పుకున్నాడు. ఒకటే టీవీ, ఒకటే సారి అన్నాడు.

కేశవ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మేడమ్, ఈ టీవీ తీసుకోవద్దు. ఉగాదికి కొత్త రకం వస్తాండాది. రంగులు ఉన్నవి ఉన్నట్టు చూపిస్తాదంట. అంతవరకు ఆగండి."

సుజన, సుబ్బక్క ఒకరినొకరు చూసుకున్నారు.

మెట్లు దిగుతూ సుబ్బక్క అంది. "అమ్ముకునేటోడు కొనొద్దంటాండాడు. లోపల ఏదో ఉండాది పాపా."

"నాకూ అదే అనిపిస్తాంది జేజీ."

సుజనను భయపెట్టింది 'కొనొద్దు' అన్న మాట కాదు. 'ఆగండి' అన్న మాట. అంతకుముందు ఎమ్మిగనూరు నుంచి ఉరుకుందు అనే అతని సంబంధం వచ్చి, తాంబూలాల దాకా వెళ్ళింది. ఇల్లు కట్టడం పూర్తయ్యేదాకా ఆగమన్నాడు. ఆమె ఆగింది. ఇల్లు పూర్తయింది. గృహప్రవేశానికి వేరే అమ్మాయిని పక్కన పెట్టుకుని పాలు పొంగించాడు. అప్పటి నుంచి ఎవరైనా మెత్తగా 'కొంచెం ఆగు' అంటే చాలు, ఆమెకు మనసులో ఏదో తలుపు మూసుకున్న చప్పుడు వినిపించేది.

అయినా ఆగింది. మంచి టీవీ కావాలి మరి.

* * *

రెండు రోజుల తర్వాత కేశవే మెసేజ్ పెట్టాడు. చీరల ఫొటోలు పంపితే అంగట్లో ఏ టీవీలో ఏ రంగు ఎట్ల కనబడుతోందో చూసి చెప్తానన్నాడు.

సుజన అనుమానంగానే ఒక ఫొటో పంపింది.

"పెద్ద టీవీలో వంకాయ మాదిరి ఉండాది" అని జవాబు వచ్చింది.

"అది వంకాయ కాదు. నేరేడు."

"రెండిటికీ తేడా ఏందండీ?"

"తిని చూడండి తెలుస్తాది."

మరుసటి రోజు కేశవ ఒక ఫొటో పంపాడు. అంగడి కౌంటర్ మీద ఒక పక్క నల్ల వంకాయ, ఇంకో పక్క గుప్పెడు నేరేడు పండ్లు. "కొండారెడ్డి బురుజు కాడ అమ్ముతాంటే తెచ్చినా. మీరు చెప్పింది కరెక్టే" అని రాశాడు.

నేరేడు కాలం ఇంకా రాలేదు కదా, ఈ పండ్లు ఎక్కడివి అని సుజన చాలాసేపు ఆలోచించింది. ఫొటోను పెద్దది చేసి చూసింది. అవి నల్ల ద్రాక్షలు.

"ఇవి ద్రాక్ష."

"దొరికిపోయినా" అని రాశాడు.

ఆమె ఫోన్ పక్కన పడేసి, మగ్గం గదిలో కండెలు చుట్టడానికి కూర్చుంది. రాట్నం తిప్పుతూ తిప్పుతూ ఒక్కతే నవ్వుకుంది. తర్వాత నవ్వినందుకు తన మీద తనకే అనుమానం వచ్చింది. ద్రాక్షను నేరేడు అని చెప్పినవాడు ఇంకేం చెప్పడు?

ఉగాది వచ్చింది, పోయింది. సుజన కర్నూలు వెళ్ళింది.

"ఇంకా రాలేదండీ. యాడో నిలబడిపోయింది" అన్నాడు కేశవ. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె వైపు కాకుండా గోడ మీది చిలుక వైపు చూశాడు.

"ఎప్పుడొస్తాది?"

"వస్తాది. ఆగండి. టీ తాగుతారా?"

ఇంకోసారి వెళ్ళింది. రాలేదన్నాడు. చెరుకు రసం తెప్పించాడు. మరోసారి వెళ్ళింది. రాలేదన్నాడు. ఆ రోజు బస్సు దాకా వచ్చి, కిటికీ పక్క సీటు మీద తువ్వాలు వేసి మరీ కూర్చోబెట్టాడు.

ఇంటికి వచ్చాక సుబ్బక్క అడిగింది. "ఆ పిల్లోన్ని అన్నా అనడం ఎప్పుడు మానుకున్న్యావే?"

"ఎప్పుడూ అనలేదే."

"మొదటిరోజు అన్న్యావు. మెట్ల మీద. నవ్వండన్నా అన్న్యావు. నాకు చెవులు బాగానే ఉండాయి."

సుజన నీళ్ళ బిందె తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. బిందె నిండుగానే ఉంది.

* * *

ఆ తర్వాత కేశవ మెసేజ్‌లు ఆగిపోయాయి.

సుజన పంపిన ఫొటోల కింద నీలం గీతలు పడుతున్నాయి. చూస్తున్నాడు. జవాబు లేదు. కనకాంబరం రంగు పంపింది, జవాబు లేదు. గచ్చకాయ రంగు పంపింది. లేదు. మనుషులు వెళ్ళిపోయేటప్పుడు ముందు మాటలే వెళ్తాయని ఆమెకు తెలుసు.

ఇంక ఉండలేక జేజిని తీసుకుని కర్నూలు వెళ్ళింది. అంగట్లో వీరేంద్ర ఒక్కడే ఉన్నాడు.

"కేశవా? కడప బ్రాంచికి పోయినాడు మేడమ్. ఇంక ఆడే."

"ఎప్పుడు వస్తాడు?"

"తెలీదు మేడమ్. మీకేం కావాలో నాతో చెప్పండి. కొత్త రకం చూస్తారా?"

"కొత్త రకం వచ్చిందా?"

"ఎప్పుడో! ఉగాది ముందరే వచ్చింది. పెద్దది కదా, లోపలి గదిలో పెట్టినాం."

సుజన లోపలి గదిలోకి నడిచింది. వీరేంద్ర టీవీ వేశాడు. ఆమె ఫోన్లోంచి మామిడాకు పచ్చ చీర తెర మీదికి పంపి, సంచిలోంచి కొంగు తీసి పక్కన పట్టుకుంది.

తెర మీది పచ్చ, చేతిలోని పచ్చ ఒకటే.

అది చూసి ఆమెకు సంతోషం కలగలేదు. కోపం రెట్టింపయింది. అతను చెప్పిన టీవీ నిజమే. వస్తుందన్నది నిజమే. వచ్చాక దాచిందీ నిజమే. ఎందుకు దాచాడు? ఎవరి కోసం? తనను అన్నిసార్లు కూర్చోబెట్టి చెరుకు రసం తాగించి, వెనక గదిలో ఇది పెట్టుకుని నవ్వుకున్నాడా?

"ఇప్పుడే తీసుకుపొమ్మంటావా?" అని సుబ్బక్కను అడిగింది.

సుబ్బక్క టీవీని చూసింది. తర్వాత మనవరాలిని చూసింది. "టీవీ యాడికీ పోదులే. ఈడనే ఉంటాది. కడపలో ఆ మార్వాడీ అంగడికి చీరలు ఇయ్యాల్సింది ఉండాది కదా. అది ఎప్పుడనుకున్న్యావు?"

"వచ్చే వారం."

"రేపు పోదాం."

* * *

కడపలో చీరలు ఇచ్చేసి, ఏడు రోడ్ల కూడలి దగ్గర టీవీల అంగడి వెతుక్కుంటూ వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. ఆకాశం మసకబారింది. గాలి లేచి, ఏడు రోడ్ల దుమ్మునూ ఒకచోటికి తెచ్చి జనం కళ్ళలో కొట్టింది.

కేశవ లోపల అట్టపెట్టెలు సర్దుతున్నాడు. ఆమెను చూసి చేతిలోని పెట్టె కిందికి వదిలేశాడు. అది ఖాళీది కాబట్టి సరిపోయింది.

సుజన కూర్చోలేదు. "కొత్త టీవీ ఎప్పుడు వచ్చింది?"

"ఉగాది ముందర."

"నాకేం చెప్పినావు?"

మీరు నుంచి నువ్వులోకి దిగిన సంగతి ఆమె గమనించలేదు. అతను గమనించాడు.

"రాలేదని చెప్పినా."

"అంటే?"

"అబద్ధం చెప్పినా."

దారంతా, బస్సు నంద్యాల దాటేసరికే, సుజన అతని సాకులన్నింటికీ జవాబులు సిద్ధం చేసి పెట్టుకుంది. ఈ మాటకు మాత్రం జవాబు సిద్ధం చేసుకోలేదు.

"ఎందుకు?"

"టీవీ కొంటే ఇంక రావు కదా."

సుబ్బక్క ఒక స్టూలు మీద కూర్చుని, తెర మీది వంట కార్యక్రమాన్ని శ్రద్ధగా చూస్తోంది. ఉన్నట్టుండి అడిగింది. "ఏమప్పా, ఈ టీవీ గొంతు యాడ తగ్గించాల? మీ మాటలు ఇనపడడం లే."

కేశవ వెళ్ళి గొంతు తగ్గించి వచ్చాడు.

"మొదటిరోజు ఆగమన్నది టీవీ కోసమే. అది నిజం" అన్నాడు. "తర్వాత ఆగమన్నదంతా నాకోసం. తప్పే."

"మరి ఒక్క మాట చెప్పకుండా కడపకు ఎందుకొచ్చినావు?"

"రాలేదు. తోసినారు. నేను నిన్ను ఆగమని చెప్పేది మా ఓనరు విన్నాడు. వచ్చినోళ్ళను ఆగమనే మనిషి నాకెందుకు, పోయి పెట్టెలు మోసుకో అన్నాడు. ఆ సంగతి నీకు చెప్పాలంటే అబద్ధం సంగతి గూడా చెప్పాల. ఫోన్ పట్టుకునేటోన్ని, నువ్వు పంపిన చీరలు చూసేటోన్ని, పక్కన పెట్టేటోన్ని. ఆ గచ్చకాయ రంగు శానా బాగుండాది."

"చీర సంగతి ఎవరడిగినారు?"

"ఎవరూ అడగలేదు."

సుజన బయటికి చూసింది. రెండు చినుకులు పడ్డాయి. మూడోది పడాలా వద్దా అన్నట్టు మబ్బు కాసేపు ఆలోచించుకుంది. దుమ్ము వాసన మాత్రం లేచింది.

"నీకంటే ముందు ఒకాయన ఆగమన్నాడు నన్ను" అంది. ఉరుకుందు పేరు చెప్పింది, ఇల్లు చెప్పింది, పొంగిన పాలు చెప్పింది. ఇంతవరకు బయటివాళ్ళకు ఎవరికీ చెప్పలేదు. "ఆగడం నాకు చేతగాక కాదు. ఎప్పటిదాకో చెప్పకుండా ఆగమంటేనే భయం. ఉగాది అంటారు. ఉగాది పోతాది. ఇంకేదో అంటారు. నేను ఆడనే నిలబడి ఉంటా."

కేశవ ఈసారి గోడ మీది టీవీల వైపు చూడలేదు. ఆమె వైపే చూశాడు.

"ఆదివారం వస్తా. మా అమ్మను తీసుకొని. కర్నూలు మీద నుంచి పొద్దున పది గంటలకు వచ్చే బస్సులో కోడుమూరులో దిగుతా. మీ నాయనతో మాట్లాడతా."

"రాకపోతే?"

"వస్తా."

"మీ అమ్మ ఒప్పుకుంటాదా?"

"ఆమెకు నీ చీరలన్నీ తెలుసు. మా అమ్మ పుట్టినిల్లు మాధవరం. మగ్గాల ఇల్లే. అది వంకాయ కాదురా నేరేడు అని నువ్వు చెప్పకముందే చెప్పింది."

"మరి నాకు వంకాయ అని ఎందుకు రాసినావు?"

"నీ జవాబు కోసం."

"ఇంకా ఎన్ని అబద్ధాలు ఉండాయి?"

"అవే. ద్రాక్షతో కలిపి."

సుబ్బక్క స్టూలు మీద నుంచి లేచింది. "ఆదివారం అన్న్యాడు కదా, పదవే. ఆదివారం దాకా ఏం మాట్లాడొద్దు. ఈ పిల్లోడు మాటకారి. నిన్నే కాదు, నన్ను గూడా ఒప్పించేట్టు ఉండాడు."

* * *

ఆదివారం పది గంటల బస్సు పది దాటాక వచ్చింది. సుజన కూరగాయల సంచి పట్టుకుని, కూరగాయల కోసమే వచ్చినట్టు నిలబడింది. బుట్టలతో ఒక ముసలాయన దిగాడు. ఇద్దరు ఆడవాళ్ళు దిగారు. చంకలో కోడిపుంజుతో ఒకాయన దిగాడు. తర్వాత ఎవరూ దిగలేదు. బస్సు వెళ్ళిపోయింది.

ఫోన్ చేసింది. అందుబాటులో లేదు.

ఇంకో బస్సు వచ్చేదాకా నిలబడింది. అందులోనూ లేడు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. కూరగాయల ఆమె, "ఏం పాపా, ఎవరికోసం చూస్తాండావు?" అని అడిగింది.

"ఎవరూ లేరు" అంది సుజన.

అనుకున్నదే అయింది. అనుకున్నదే అయినప్పుడు కూడా ఇంత నొప్పి ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. నాయనతో ఏమీ చెప్పకపోవడం మంచిదయింది. జేజి అడిగితే, బస్సు చెడిపోయిందట అని చెప్పాలి. తర్వాత? తర్వాత ఏం చెప్పాలో ఇల్లు చేరేలోపు ఆలోచించుకోవాలి.

ఇల్లు చేరింది. గడప ముందు తనకు తెలియని రెండు జతల చెప్పులు ఉన్నాయి. తెల్లగా ఉన్నాయి, సున్నం తొక్కినట్టు.

లోపల ముందరి గదిలో కంబన్న ఎదురుగా ఇద్దరు కూర్చున్నారు. ఒకామె, ఆమె పక్కన కేశవ. జుట్టు నుంచి పాదాల దాకా తెల్లటి పొడి. కనురెప్పల మీద కూడా. పిండిమరలో దొంగతనం చేసి పట్టుబడ్డవాళ్ళలా ఉన్నారు.

"బస్సు బనగానపల్లె కాడ ఆగిపోయింది" అన్నాడు కేశవ, ఆమె నోరు తెరవకముందే. "ఇంకో బస్సు రాలేదు. బేతంచెర్ల బండల లారీ ఒకటి ఇట్ల వస్తాంటే చెయ్యెత్తి, వెనక బండల పొడిలో కూర్చున్న్యాం. అది డోన్ మీద నుంచి వచ్చి, కింది వీధిలో దింపింది. ఫోన్ చార్జింగు అయిపోయింది. నువ్వు బస్టాండుకు పోయినావని మీ జేజి చెప్పింది, వద్దామని లేస్తాంటే..."

"నేనే కూర్చోమన్న్యా" అంది సుబ్బక్క. "మళ్ళా ఈడు ఆడికి పోయి, నువ్వు ఈడికి వచ్చి, సాయంత్రం దాకా తిరుగుతాంటారు. ఈలోపల అడగాల్సినవి అడిగినా. జవాబులు తడబడకుండానే చెప్పినాడు. అదే నాకు ఇంకా అనుమానం."

కేశవ తల్లి హేమావతి కొంగుతో ముఖం తుడుచుకుంది. "కడపలో కట్టుకున్నప్పుడు ఇది గచ్చకాయ రంగు చీరమ్మా. ఇప్పుడు ఏ రంగో నువ్వే చెప్పాల" అంది సుజనతో.

సుజన నవ్వబోయి, ఏడుపు వచ్చి, మంచినీళ్ళ కోసం లోపలికి వెళ్ళింది.

నీళ్ళు తాగారు. మజ్జిగ తాగారు. కంబన్న మాటలు తక్కువ మనిషి. కేశవను ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "ఇంతకీ టీవీ ఇప్పుడు కొనాల్నా, ఆగాల్నా?"

"కొనండి మామా. రేపే కొనండి."

మామా అన్న మాటకు కంబన్న కనుబొమ్మ ఒకటి లేచింది. తిరిగి దిగింది.

"వచ్చే ఏడు ఇంతకంటే మంచిది రాదా?"

"వస్తాది. ఏటేటా వస్తాది. కానీ శ్రావణం పెండ్లిండ్లకు చీరలు చూసేటోళ్ళు ఇప్పుడు వస్తారు కదా. ఆగితే టీవీ మంచిది దొరుకుతాది, వాళ్ళు పోతారు."

సుబ్బక్క మనవరాలి వైపు తిరిగింది. "ఇన్న్యావా? వచ్చే ఏడు పెండ్లికొడుకులు గూడా ఇంతకంటే మంచోళ్ళు వస్తారేమో."

"వస్తే నువ్వు చేసుకో జేజీ."

కంబన్న మొదటిసారి గట్టిగా నవ్వాడు. ఆ ఇంట్లో ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

హేమావతి గ్లాసు పక్కన పెట్టింది. "మాకు అమ్మాయి నచ్చింది అన్నా. రాబోయేది ఆషాఢం. అది పోనీయండి. తర్వాత నిదానంగా చూద్దాం."

"అట్లే కానీమ్మా. తర్వాత చూద్దాం" అన్నాడు కంబన్న.

గ్లాసులు తీస్తున్న సుజన చేయి ఆగిపోయింది.

కేశవ అది చూశాడు. "తర్వాత అంటే ఎప్పుడమ్మా?" అన్నాడు. "తారీఖు చెప్పు."

"ఏందిరా తొందర? పంతులును అడగాల కదా."

"పంతులు వేరే రోజు చెప్తే మారుద్దాం. ఇప్పుడొక రోజు చెప్పు. చెప్పందే నేను లేవను."

సుబ్బక్క నోటి మీద చేయి పెట్టుకుంది. "ఈడేందే, నీకంటే పెద్ద అనుమానం మనిషి!"

కంబన్న లేచి గోడ మీది క్యాలెండర్ తీసి ఇద్దరి మధ్యా పెట్టాడు. హేమావతి శ్రావణం పేజీ తిప్పి, తెల్లటి వేలితో వెతికి, ఒక గురువారం మీద ఆపింది. కాగితం మీద బండల పొడి మరక పడింది.

"ఈ రోజు. సరేనా అమ్మా?"

"సరే" అంది సుజన.

గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్తూ, తలుపు దగ్గర ఆగి, క్యాలెండర్ వైపు మళ్ళీ ఒకసారి చూసింది. గురువారం అక్కడే ఉంది.